గాలి వేగం పన్నెండు, ఆమె ఏమీ మాట్లాడలేదు

ఆ బుధవారం బులెటిన్ గుమస్తా పెట్టుకున్న పనులు నాలుగు. అయిదున్నరకి వాతావరణ బులెటిన్ రాయాలి. ఆరున్నరకి గడ్డం గీసుకోవాలి. తొమ్మిదిన్నరకి ఆఫీసుకి నడవాలి. మధ్యాహ్నం మూడింటికి తనిఖీ అధికారి ముందు నిలబడి, ఈ ఊళ్లో బులెటిన్ రాయడానికి ఒక మనిషి కావాలని ఒప్పించాలి. మొదటి మూడూ పందొమ్మిదేళ్లుగా చేస్తున్నవే.

ఉత్తరం సోమవారం వచ్చింది. అంకెలు ఇస్తే వాక్యాలు తనే పేర్చుకునే ప్రోగ్రామ్ ఒకటి ప్రధాన కార్యాలయంలో తయారైందని అందులో ఉంది. సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లలో ఆరు వందల మందిని అడిగితే, ముందురోజు బులెటిన్‌లో ఏముందో చెప్పగలిగినవాళ్లు ఒక్కరూ లేరని కూడా ఉంది. కాబట్టి ఉద్యోగం ఉంచాలో తీసేయాలో తేల్చడానికి అధికారి వస్తున్నాడు. గుమస్తా ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడు. భార్యకి చెప్పలేదు. ఆమెకి ఆ వారం పద్దెనిమిదో భాగం పంపాల్సిన గడువుంది.

ఆమె ఒక వారపత్రికకి కలం పేరుతో సీరియల్ రాస్తుంది. ఆ సంగతి ఇంట్లో ముగ్గురికి తప్ప ఊళ్లో ఎవరికీ తెలియదు. సీరియల్లో కథానాయిక పదిహేడు వారాలుగా ఒకతని కోసం ఎదురుచూస్తోంది. అతను వస్తాడో రాడో రచయిత్రికీ ఇంకా తెలియదు.

మూడో మనిషి ఆమె తమ్ముడు. కంప్యూటర్లు బాగుచేస్తాడు. బంధువులు అతన్ని నల్లతెర అంటారు. అతని కంప్యూటర్లో నొక్కడానికి బొమ్మలుండవు. నల్లటి తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, అంతే. "బొమ్మ మీద నొక్కడానికి వేలుంటే చాలు బావా. కమాండ్ రాయాలంటే బుర్ర కూడా కావాలి" అని ఎనిమిది నెలల కిందట బావ కంప్యూటర్లోంచి కూడా బొమ్మలన్నీ తీసేశాడు. ఒక టెక్స్ట్ ఎడిటర్ పెట్టాడు.

ఆ ఎడిటర్ తెరిస్తే దాని మామూలు సెట్టింగులతో తెరుచుకుంటుంది. అవి వద్దు, మనవి కావాలి అంటే తెరిచేటప్పుడే చెప్పాలి. ముందు ఎడిటర్ పేరు కొట్టాలి. ఒక ఖాళీ వదిలి, అడ్డగీత పెట్టి, దాన్ని ఆనుకుని ఇంగ్లిషు యు అక్షరం కొట్టాలి. మళ్లీ ఖాళీ వదిలి, మన సెట్టింగులున్న ఫైలు పేరు రాయాలి. అప్పుడు ఎడిటర్ తన సెట్టింగులు పక్కన పెట్టి మనవి ఎత్తుకుంటుంది.

బావ కోసం నల్లతెర చేసిన సెట్టింగుల ఫైలులో నలభై కోడ్‌లున్నాయి. పందొమ్మిదేళ్ల బులెటిన్లు తిరగేస్తే బావ వాడిన వాక్యాలు నలభైయేనని తేలింది. ఒకటి అని కొడితే 'తెల్లవారుజామున సరస్సు మీద పొగమంచు ఉంటుంది' అని పడుతుంది. పద్నాలుగు కొడితే 'చినుకులు పడతాయి' అని, ఇరవై రెండు కొడితే 'లాంచీ రాకపోకలకు ఆటంకం లేదు' అని పడుతుంది. అంకెలుండే ముక్కలు మాత్రం చేత్తో కొట్టుకోవాలి. అక్క అది చూసి తనకీ కావాలంది. తమ్ముడు పదిహేడు భాగాలూ తిరగేశాడు. ఆకాశానికి సరిపోయినట్టే ప్రేమకీ నలభై వాక్యాలు సరిపోయాయి. బావ ఫైలుకి నకలు తీసి, కోడ్‌లు అలాగే ఉంచి, వాక్యాలు మార్చి, ఆమె అడిగిందని తెర రంగు నీలం చేసి అక్కకి ఇచ్చాడు.

మంగళవారం మధ్యాహ్నం ఆమె ల్యాప్‌టాప్ కీబోర్డు మీద కాఫీ ఒలికింది. నల్లతెర వచ్చి దాన్ని పట్టుకెళ్తూ, "రేపు తెచ్చిస్తానక్కా. అందాకా బావదాంట్లో రాసుకో" అని ఆమె సెట్టింగుల ఫైలు బావ కంప్యూటర్లో పెట్టి వెళ్లాడు. నాలుగింటికి ఆమె దాంట్లో అరపేజీ రాసింది. బాగుండలేదని కొట్టేసింది. కంప్యూటర్ మూసేసింది.

ఎనిమిది నెలల్లో గుమస్తా ఆ కమాండ్‌ను పూర్తిగా కొట్టింది ఒక్కసారే, మొదటిరోజు. తరవాత ఆ అవసరం రాలేదు. పైకి చూపించే బాణం మీట ఒకసారి నొక్కితే కిందటిసారి ఇచ్చిన కమాండ్ తెర మీదకి వస్తుంది. ఆపైన ఎంటర్ కొడితే సరి. ఈ కిటుకు ఆయన స్వయంగా కనిపెట్టాడు. బావమరిదికి చెప్పకుండా దాచుకున్నాడు.

బుధవారం తెల్లవారుజామున సరస్సు ఊళ్లోకి వచ్చినట్టుంది. పొగమంచు వీధి దీపాల దాకా లేచింది. దీపాలు స్తంభాలు లేకుండా గాల్లో ఉన్నాయి. గుమస్తా కిటికీ పక్కన కూర్చుని పరిశీలన కేంద్రానికి ఫోన్ చేసి అంకెలు రాసుకున్నాడు. పైబాణం నొక్కాడు. ఎంటర్ కొట్టాడు. రోజూ నల్లగా ఉండే తెర నీలంగా వచ్చింది. మంచులోంచి తెల్లవారుతున్న వెలుతురు తెర మీద పడిందనుకున్నాడు. చూడ్డానికి బాగుంది కూడా.

ఆయనకి ఆకాశం వైపు చూస్తూ టైపు చేయడం అలవాటు. చూడకుండా ఆకాశం గురించి రాయడం తప్పని ఆయన అభిప్రాయం. ఒకటి. ఇరవై తొమ్మిది డిగ్రీలు. ఆరు. పన్నెండు కిలోమీటర్లు. మధ్యాహ్నం మూడు తరవాత, పద్నాలుగు. తేమ డెబ్బై ఒక శాతం. ఇరవై రెండు. కాకి ఒకటి మంచులోంచి బయటికి వచ్చి, చుట్టూ చూసి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది. ఆయన తేదీనే ఫైలుకి పేరుగా పెట్టి దాచాడు. ఆ ఫైలు ఆరున్నరకి తనంతట తనే రేడియోకి వెళ్లిపోతుంది.

ఆరూ నలభైకి రేడియో అనౌన్సరు దాన్ని చదివింది. పదకొండేళ్లుగా ఆమె ఆ బులెటిన్ చదువుతోంది కానీ వినలేదు. ఆ రోజు చదివింది ఇది:

"తెల్లవారేసరికి ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది. గరిష్ఠ ఉష్ణోగ్రత 29 డిగ్రీలు. ఆమె ఏమీ మాట్లాడలేదు. గాలి వేగం గంటకు 12 కిలోమీటర్లు. మధ్యాహ్నం 3 తరవాత అతను తప్పకుండా వస్తాడు. గాలిలో తేమ 71 శాతం. ఇక ఆమెను ఆపేవాళ్లు ఎవరూ లేరు."

అనౌన్సరు కాగితం వెనక్కి తిప్పి చూసింది. తరవాత రావాల్సిన సబ్బు ప్రకటన వేయడం మరిచిపోయింది. ఆ సమయానికి గుమస్తా కుళాయి తిప్పి గడ్డం గీసుకుంటున్నాడు.

తొమ్మిదిన్నరకి ఆయన బయల్దేరాడు. మంచు ఇంకా విడలేదు. మనుషులు దగ్గరకి వచ్చాకే మనుషులవుతున్నారు. వీధి చివర దర్జీ మిషన్ ఆపి బయటికి వచ్చాడు.

"గుమస్తాగారూ, అతను నిజంగా వస్తాడంటారా?"

తనిఖీ సంగతి ఊళ్లోకి ఎలా పొక్కిందో గుమస్తాకి అర్థం కాలేదు. దాచి లాభం లేదనుకున్నాడు.

"వస్తాడండీ. మూడింటికి. ఉత్తరం కూడా రాశాడు."

"ఉత్తరం కూడానా? ఎవరికి?"

"నా పేరు మీదే వచ్చింది."

దర్జీ మెడలో టేపును రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఎంత ధైర్యమండీ. ఏమని రాశాడు?"

"ఇక నా అవసరం ఉందో లేదో వచ్చి తేలుస్తాడట."

"మరి మీరేం చేస్తారు?"

"ఏం చేస్తాను? మర్యాదగా కుర్చీ వేసి, పందొమ్మిదేళ్లుగా ఎలా చేసుకొస్తున్నానో చెబుతాను. వింటే వింటాడు. లేకపోతే నా జాగాలోకి ఇంకోటి వస్తుంది."

"ఇంట్లో తెలుసా?"

"మా ఆవిడకి చెప్పలేదండీ. తన పనిలో తనుంది. ఎందుకు కంగారు పెట్టడం."

దర్జీ ఆయన భుజం తట్టాడు. మళ్లీ మిషన్ దగ్గరకి వెళ్లలేదు. షాపుకి తాళం వేసి మందుల షాపు వైపు నడిచాడు.

మందుల షాపాయన అంతా విని, పొద్దున తను రేడియో విన్నానని, కిటికీ దగ్గర నిలబడిన మనిషి ఎవరో అప్పుడు తట్టలేదని అన్నాడు. "బులెటిన్‌లో చెప్పుకున్నాడంటే ఇంకెవరికీ చెప్పుకోలేకే కదండీ. పాపం, మధ్యలో డిగ్రీలు కూడా మానలేదు." పదిన్నరకల్లా సంగతి ఇస్త్రీ షాపు దాకా వెళ్లింది. ప్రతి చోటా బులెటిన్ మొదటినుంచి చివరి దాకా చెప్పాల్సి వచ్చింది. చెప్పేవాడు ఒక అంకె తప్పితే వినేవాడు దిద్దుతున్నాడు.

గుమస్తా ఇంటికి ఎదురింటి పిన్నిగారు వచ్చింది. పలకరించలేదు. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"ఏంటి పిన్నిగారూ, ఇలా వచ్చారు?"

"ఆపేవాళ్లు లేరనుకోకమ్మా. నేనున్నాను."

"దేన్ని ఆపడానికి?"

"నేనేం అడగను. నువ్వేం చెప్పకు. కిటికీ దగ్గరకి మాత్రం వెళ్లకు."

పదకొండింటికి గుమ్మంలో నలుగురయ్యారు. ఒకామె తన సంసారంలో పడ్డ కష్టాలు మొదలుపెట్టింది. రచయిత్రి కాసేపు ఆశ్చర్యపోయి, తరవాత ఆ కష్టాలు పద్దెనిమిదో భాగానికి పనికొచ్చేలా ఉన్నాయని కాగితం తెచ్చుకుని రాసుకోసాగింది. ఆమె రాయడం చూసి వాళ్లు అది వెళ్లిపోయేవాళ్లు పెట్టే ఉత్తరమనుకున్నారు. పెన్ను లాక్కున్నారు.

పన్నెండుంపావుకి సరస్సు అవతలి ఒడ్డున తనిఖీ అధికారి లాంచీ ఎక్కాడు. ఒక్కడే ఉన్నాడు. చేతిలో సంచీ, గొడుగు. లాంచీ నడిపే సరంగు పందొమ్మిదేళ్లుగా గుమస్తా చెప్పిన గాలి లెక్క మీద పడవ తీస్తున్నవాడు. పదకొండింటి ట్రిప్పులో ఊరి సంగతంతా విని వచ్చాడు. అతను తాడు విప్పకుండా అధికారిని కిందినుంచి పైకి చూశాడు.

"ఎవరి కోసం బాబూ?"

"బులెటిన్ గుమస్తా అని, వాతావరణ ఆఫీసులో."

"ఆయన్ని కలవడానికా, ఆయనింటికా?"

"ముందు ఆయన్ని కలుస్తాను. మూడింటికి వస్తానని రాశాను."

"ఏం మాట్లాడతారు?"

"అది మా ఇద్దరి మధ్య విషయం. క్లుప్తంగా చెప్పాలంటే, ఇక ఆయన అక్కర్లేదని."

సరంగు ఇంజను తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. "లాంచీ లేదు."

"బులెటిన్‌లో ఆటంకం ఉందన్నారా?"

"ఆపేవాళ్లు లేరన్నారు. అందుకే నేను ఆపుతున్నాను. దిగండి."

అధికారి దిగాడు. సరస్సు చుట్టూ తిరిగి వచ్చే బస్సు పట్టుకున్నాడు. అది ముప్పై ఎనిమిది కిలోమీటర్లు, పదకొండు స్టాపులు. మంచు వల్ల అది ప్రతి స్టాపునూ వెతుక్కుంటూ నడిచింది. అతను కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోయాడు. నిద్రలో ఎవరో అతన్ని ఎందుకొచ్చావని అడుగుతూనే ఉన్నారు.

ఆ సమయానికి నల్లతెర అక్క కంప్యూటర్ బాగుచేసి తెచ్చాడు. గుమ్మంలో ఆడవాళ్లు అతన్ని మొదట లోపలికి పోనివ్వలేదు. తమ్ముడని తెలిశాక, "నువ్వయినా చెప్పు బాబూ" అని పొద్దుటి బులెటిన్ వినిపించారు. ఆరో కోడ్ వాక్యం దగ్గరే అతనికి అర్థమైంది. బావ కంప్యూటర్ తెరిచి, అంతవరకు ఇచ్చిన కమాండ్‌లన్నీ బయటికి తీసి చూశాడు. ఫోన్ చేశాడు.

"బావా, పొద్దున నువ్వు పైబాణం ఎన్నిసార్లు నొక్కావు?"

గుమస్తా తన కిటుకు బయటపడినందుకు కాస్త నొచ్చుకున్నాడు. "ఒకసారే. రోజూ ఒకసారే."

"ఇవాళ రెండుసార్లు నొక్కాల్సింది. నిన్న నీ తరవాత అక్క రాసింది. నువ్వు అక్క సెట్టింగులు ఎత్తుకున్నావు."

"ఎత్తుకుంటే?"

నల్లతెర బులెటిన్ చదివి వినిపించాడు. గుమస్తా ఫోన్ పట్టుకునే కుర్చీలో కూర్చున్నాడు. పందొమ్మిదేళ్లలో ఒక్క డిగ్రీ తప్పు రాయలేదు. తనిఖీ నాడు ఇలాగైందని ఉత్తరం సంగతి బావమరిదికి చెప్పేశాడు. పొద్దున దర్జీతో అన్న మాటలు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. గోడ గడియారంలో మూడుకి అయిదు నిమిషాలు తక్కువుంది.

మూడింటికి చినుకులు మొదలయ్యాయి. అది ఎవరూ పట్టించుకోలేదు. బస్సు దిగి, గొడుగు విప్పి, మంచులోంచి ఒక మనిషి నడిచి వస్తుంటే ఆఫీసు ముందు చేరిన ముప్పై మంది రెండు పక్కలకీ జరిగారు. దర్జీ గడియారం చూసి, "సరిగ్గా మూడు" అన్నాడు. అధికారి మెట్లెక్కాడు. వెనక ముప్పై మందీ ఎక్కారు.

అధికారి బల్ల మీద కాగితం పెట్టాడు. దారిలో బస్సు డ్రైవరు నోటివెంట విని రాసుకున్న బులెటిన్ అది.

"ఇది మీరు రాసిందేనా?"

"అంకెలు నావేనండీ" అన్నాడు గుమస్తా.

"మీ ఉద్యోగం గురించి నేను నిర్ణయం తీసుకోవాల్సిన రోజున మీరు ఇది పంపారు. మీకు చెప్పుకోవడానికి ఏమైనా ఉందా?"

గుమస్తా నోరు తెరిచేలోగా దర్జీ ముందుకొచ్చాడు. "ఆయన చెప్పుకోలేరు సార్. నేను చెప్తాను. పందొమ్మిదేళ్ల కాపురం. మీరు చదువుకున్నవారిలా ఉన్నారు. వచ్చిన బస్సులోనే వెళ్లిపోండి."

"ఎవరి కాపురం? మీరెవరు?"

"నేనెవరైతేనేం సార్. పొద్దున రేడియోలో అందరం విన్నాం."

'విన్నాం' అన్న మాట దగ్గర అధికారి తలెత్తాడు. సంచీలోంచి సర్వే ఫైలు తీశాడు. "ఏం విన్నారు?"

దర్జీ కళ్లు మూసుకుని చెప్పాడు. కిటికీ దగ్గర ఆమె, ఇరవై తొమ్మిది డిగ్రీలు, ఏమీ మాట్లాడలేదు, గాలి పన్నెండు.

"మధ్యాహ్నం మూడు తరవాత మీరు" అన్నాడు ఇస్త్రీ షాపాయన. "తేమ డెబ్బై."

"డెబ్బై ఒకటి" అన్నాడు మందుల షాపాయన.

"డెబ్బై ఒకటి" అన్నారు వెనకనుంచి నలుగురైదుగురు.

అధికారి ఫైలు తెరిచి సర్వే లెక్క మీద వేలు పెట్టాడు. ఆరు వందల మందిలో సున్నా అని అందులో ఉంది. అతను పెన్ను తీసి, గదిలో ఉన్నవాళ్లను ఒక్కొక్కర్నీ పిలిచి గాలి వేగం అడిగాడు. ముప్పై మంది పన్నెండన్నారు. అందులో ఒకావిడ, "పన్నెండే, కానీ ఆవిడ మనసులో ఎంతుందో ఎవరు చూశారు" అంది. ఆ మాట కూడా రాసుకున్నాడు.

అప్పుడు నల్లతెర ఒక చంకలో కంప్యూటర్, వెనక అక్క, అక్క వెనక నలుగురు ఆడవాళ్లతో లోపలికొచ్చాడు. ఆమెను చూడగానే గది మొత్తం అధికారి వైపు తిరిగింది. ఆమె అతన్ని చూడనే లేదు. నేరుగా భర్త దగ్గరకి వెళ్లింది.

"ఏమండీ, ఉద్యోగం పోతుందంటే నాకెందుకు చెప్పలేదు?"

"నీకు గడువుంది కదా అని."

"పదిహేడు వారాలు నేను తేల్చకుండా ఉంచింది పొద్దున్నే రేడియోలో చెప్పేశారు. ఇంకా గడువేంటి?"

"అంటే నువ్వు వెళ్లడం లేదామ్మా?" అంది ఎదురింటి పిన్నిగారు.

"ఎక్కడికి పిన్నిగారూ? శుక్రవారంలోగా పద్దెనిమిదో భాగం ఇవ్వాలి. ఆ వాక్యాలు నావి. సీరియల్లోవి."

గదిలో ముప్పై మందికీ ఒకేసారి రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఆ వారపత్రిక సీరియల్ రాసేది ఈవిడ. రెండు, మూడింటికి వచ్చినవాడు అతను కాదు. రెండోదానికి కొంతమంది మొహాలు చిన్నబుచ్చుకున్నారు. సరంగు వెనకనుంచి వచ్చి అధికారికి తాళంచెవి చూపించి, "తిరిగి వెళ్లేటప్పుడు నేనే దింపుతాను బాబూ" అన్నాడు.

గుమస్తా నిలబడ్డాడు. "సార్, జరిగింది చెప్పేస్తాను. అది నేను కావాలని రాసింది కాదు. ఎడిటర్ తెరిచేటప్పుడు నా సెట్టింగుల ఫైలు బదులు మా ఆవిడది తెరుచుకుంది. నేను తెర చూడలేదు. ఇక్కడున్నవాళ్లందరూ విన్నది ఆవిడ వాక్యాలు. నావి పందొమ్మిదేళ్లు చదివారు, ఎవరూ వినలేదు. మీ ఫైల్లో ఉన్నది నిజమే."

"బావా, ఇప్పుడా నిజం" అన్నాడు నల్లతెర గొంతు తగ్గించి.

అధికారి రాస్తున్నది ఆపాడు. ఫైలు మూశాడు. గొడుగు తీసుకున్నాడు. గుమ్మం దాకా వెళ్లి, బయట చినుకుల్ని చూసి, వెనక్కి తిరిగి ఆమె దగ్గరకి వచ్చాడు.

"మీ పద్దెనిమిదో భాగంలో అతను వస్తాడా?"

"శుక్రవారం తెలుస్తుందండీ."

"నేను శుక్రవారం టూర్లో ఉంటాను."

"అయితే వచ్చే బుధవారం పత్రిక కొనుక్కోండి."

అతను తలూపి, సరంగు వెనక మంచులోకి వెళ్లాడు. లాంచీ చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆ రాత్రి గుమస్తా, భార్య ఒకే బల్ల మీద రెండు కంప్యూటర్లు పెట్టుకుని కూర్చున్నారు. ఆయన ఏమీ రాయలేదు. ఉద్యోగం లేకపోతే పొద్దున అయిదున్నరకి లేచి ఏం చేయాలో ఆలోచించాడు. ఆకాశాన్ని ఊరికే చూడొచ్చా అని ఆమెను అడిగాడు. చూడొచ్చండీ అంది, తెర మీంచి కళ్లు తీయకుండా.

ఉత్తర్వు పది రోజులకి వచ్చింది. మనిషి రాసే బులెటిన్ ఈ ఊళ్లో అవసరమని అధికారి నిర్ధారించాడు. ఉద్యోగం కొనసాగుతుంది. వాక్యాలు రాయడానికి గుమస్తా భార్యను నియమించారు. అంకెలు సేకరించి ఆమెకి అందించే సహాయకుడిగా గుమస్తా ఉంటాడు. ఆయన అది ఆమెకి చదివి వినిపించాడు. జీతం అంతే. కిటికీ పక్క కుర్చీ కూడా ఆయనదే.

ఆమె ఒప్పుకుంది, ఒక షరతు మీద. ఎనిమిదికి ముందు ఆమె నిద్ర లేవదు. అందుచేత ప్రస్తుతం ఆ ఊళ్లో వాతావరణం ఎనిమిదిన్నరకి మొదలవుతోంది.